తెగని పోగు

వెంకటాద్రి పెళ్లాం రాజాంబాళ్ అలిగి పుట్టింటికి పోయి ఆ ఆదివారానికి నలభై ఒక్క రోజులు. పెళ్లాన్ని తిరిగి తెచ్చుకోవడానికి మగవాడికి దారులు లేకపోలేదు. గుడియాత్తంలో రైలెక్కి, వాణియంబాడిలో దిగి, జట్కా మాట్లాడుకుని ఆలంగాయం చేరి, అత్తగారి గడప ముందు నిలబడి "తప్పయిపోయినాది, ఇంటికి రా" అంటే సరిపోయేది. దానికి బదులు అతను మోటారు సైకిలు మీద పోవాలని తీర్మానించుకున్నాడు. మోటారు సైకిలు మీద వచ్చినవాడు తప్పు ఒప్పుకోనక్కర్లేదని అతని నమ్మకం.

"అప్పట్లో నా మెదడు మోకాళ్లలో ఉండేదప్పా. ఆ పొద్దు ఆ మోకాళ్లు గూడా చెక్కుకొనిపాయె" అంటూ తర్వాతి కాలంలో ఈ కథ అతనే చెప్పి, అందరికంటే ముందు అతనే నవ్వేవాడు. ఒక్క చోటికి వచ్చేసరికి మాత్రం ఆగి గొంతు సవరించుకునేవాడు.

ఇది 1929 నాటి మాట. గుడియాత్తం నేతగాళ్ల వీధిలో వెంకటాద్రికి ఉన్నది ఒకే ఒక్క గుంత మగ్గం. నడవలో గుంత, గుంతలో అతని కాళ్లు, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా లుంగీలు. నూలు అరుణాచలం అనే షావుకారుది, నేత ఇతనిది. రాజాంబాళ్ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టి ఇస్తే ఇతను నేసేవాడు. ఆమె రాట్నం ఆగితే ఇతని మగ్గం ఆగినట్టే. నమ్మకస్తుడు కదా అని షావుకారు ప్రతి శనివారం లుంగీ మూటలు బండికెత్తించి, ఇతన్ని తోడిచ్చి రైల్వే స్టేషనుకు పంపేవాడు.

అక్కడ గూడ్సు గుమాస్తా పేరు గోపాలకృష్ణన్. కాట్పాడి నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు, ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు, మనిషి కలుపుగోలు. మొదటి శనివారమే మూటలు తూకం వేయిస్తూ "ఇవన్నీ మీవేనా సార్?" అని అడిగాడు. పుట్టి బుద్ధెరిగాక తనను సార్ అన్నవాళ్లు లేరు. వెంకటాద్రి "ఆఁ" అన్నాడు. నెల తిరిగేసరికి ఆ ఒక్క "ఆఁ" లోంచి ముప్పై మగ్గాలు పుట్టుకొచ్చాయి. వాటి మీద నేసే నేతగాళ్లు, వాళ్ల బద్ధకాలు, వాళ్లతో తాను పడే అవస్థలు కూడా పుట్టుకొచ్చాయి. "పనోళ్లతో వేగలేకుండా ఉండాను సామీ" అని రైలు వచ్చేలోగా నిట్టూర్పులు విడవడం అతనికి అలవాటయింది.

గోపాలకృష్ణన్ ద్వారా నాగప్ప పరిచయమయ్యాడు. విరించిపురం దగ్గర పాలారు ఒడ్డున కొబ్బరితోపులున్న రైతు కుటుంబం వాళ్లది. మద్రాసు నుంచి కొత్త మోటారు సైకిలు తెప్పించుకున్నాక, ఎవరో దొర వదిలేసి పోయిన పాత బండి అతని కొట్టంలో ఊరికే పడి ఉంది. "ఆదివారాలు నువ్వు తోలుకోప్పా, ముగ్గురం తిరగచ్చు" అని దాన్ని స్నేహం కొద్దీ వెంకటాద్రి చేతికిచ్చాడు. నీళ్లు లేని పాలారు ఇసుకలో వెంకటాద్రి తోలడం నేర్చుకున్నాడు. ఎన్నిసార్లు పడ్డాడో ఆ ఇసుకకే తెలియాలి. తన వీధిలో మాత్రం బండి తనదేననీ, ఇంటి ముందు చోటు చాలక విరించిపురంలో పెట్టించాననీ చెప్పుకున్నాడు.

ఇలా స్టేషన్లో ముప్పై మగ్గాలు, తన వీధిలో ఒక మోటారు సైకిలు మోసుకుంటూ తిరిగేవాడికి ఎక్కడో ఒకచోట కాలు జారక తప్పదు. తమిళుల ఆని నెల ఆఖరి ఆదివారం మిత్రులిద్దరూ చెప్పాపెట్టకుండా నాగప్ప బండి మీద నేరుగా అతని ఇంటి ముందుకే వచ్చి దిగారు.

అప్పుడు రాజాంబాళ్ తిన్నె మీద రాట్నం తిప్పుతూ ఉంది. తల నిండా నూలు దుమ్ము, ఒంటి మీద అతుకులేసిన చీర, వేళ్లకు ఎర్ర అద్దకం. వెంకటాద్రి మగ్గం గుంతలోంచి ఎగిరి బయటికి దూకి, లుంగీ దులుపుకుంటూ వీధిలోకి వచ్చాడు. గోపాలకృష్ణన్ తలపాగా సర్దుకుని, ఆమె వైపు మర్యాదగా చూస్తూ "ఈయమ్మ ఎవురప్పా?" అని అడిగాడు.

"కూలికి నూలు చుట్టే మనిషి" అన్నాడు వెంకటాద్రి. "నా మగ్గాలుండేది వేరే తావులో."

రాట్నం ఒక్క చుట్టు ఆగింది. మళ్లీ తిరిగింది. చేతిలో కండె పూర్తయ్యాక ఆమె లేచి లోపలికి పోయి, రెండు చెంబులతో నీళ్లు తెచ్చి తిన్నె మీద పెట్టింది. తల వంచుకుని, "అయ్యా, ఇంగేమన్నా పనుండాదా? లేకుంటే నేను పోయొస్తా" అంది. నాలుగేళ్ల కాపురంలో ఆమె అతన్ని అయ్యా అన్నది అదే మొదలు. వెంకటాద్రి "సరే, పోయి రా" అన్నాడు. ఇంతటి ఘనకార్యం చేసి, ఆ తర్వాత మిత్రులను బజారుకు తీసుకుపోయి కాఫీ కూడా తాగించాడు.

మర్నాడు ఆడి నెల పుట్టింది. "ఆడి కదా, అమ్మగారింటికి పోతాండా" అని వీధిలో నలుగురికీ చెప్పి రాజాంబాళ్ మూట కట్టుకుంది. ఆడికి పుట్టింటికి పోయేది కొత్త పెళ్లికూతుళ్లు. నాలుగేళ్ల తర్వాత పోయేవాళ్లు లేరు. ఏదో మంచి వార్త అయి ఉంటుందని వీధి ఆడవాళ్లు చాటుగా నవ్వుకున్నారు. మొగుడి పరువు కాపాడటానికి అంతకు మించిన సాకు ఎవరూ చెప్పలేరు. ఆ సంగతి అర్థం కావడానికి వెంకటాద్రికి వారం పట్టింది.

ఆడి పోయి ఆవణి వచ్చింది. రాజాంబాళ్ రాలేదు. వీధిలో నవ్వులు పోయి ప్రశ్నలు మొదలయ్యాయి. వెంకటాద్రి సగం రోజు తనే కండెలు చుట్టి, సగం రోజు నేసేవాడు. ఆ కండెలు మగ్గంలో పడితే నూలు చిక్కులు పడి, ఇరుగుపొరుగు వినరాని మాటలు నోటివెంట వచ్చేవి. అన్నిటికంటే ఆమె లేని ఇంట్లో అతనికి ఊపిరాడలేదు. అన్నం ముందు కూర్చుంటే "అయ్యా" అన్న ఆ మాట చెవిలో పడేది. ముద్ద దిగేది కాదు.

అయినా సరే, తప్పు ఒప్పుకోకుండా ఆమెను ఎట్లా తేవాలా అనే ఆలోచించాడు తప్ప తప్పు సంగతి ఆలోచించలేదు. చివరికి దొరికిన ఉపాయం ఇది. మిత్రులతో ఆదివారం షికారుగా ఆలంగాయం పోవాలి. అత్తగారి వీధి మలుపులో బూరా మూడుసార్లు మోగించాలి. వీధి వీధంతా బయటికి వస్తుంది. గడపలో రాజాంబాళ్ నిలబడుతుంది. తాను కళ్లద్దాలు పైకి నెట్టి, ఎటో చూస్తూ, "ఈ పక్కగా పోతా ఉంటిమి, దాహమేసింది" అనాలి. ఆ హోదా చూసి ఆమె మనసు కరగాలి. ఎందుకు కరగాలో ఆ ఉపాయంలో రాసి లేదు.

"ఆలంగాయం దోవలో మలుపులు శానా బాగుంటాయంట" అన్నాడు ఆదివారం పొద్దున, వేలూరు కోట దగ్గర కాఫీ హోటల్లో మిత్రులతో.

నాగప్ప గోపాలకృష్ణన్ వైపు చూశాడు. "అవునంట. ఎన్ని మలుపులు తిరిగినా ఆ దోవ ఒకే ఇంటి ముందరికి పోతాదంట" అన్నాడు.

వెంకటాద్రి వినలేదు. వేషం సర్దుకోవడంలో ఉన్నాడు. రైల్వే గార్డు ఎవరో పారేయబోతే గోపాలకృష్ణన్ తెచ్చిచ్చిన ఉన్నికోటు, తలకు చెవులు మూసే తోలుటోపీ, కళ్లకు పెద్ద అద్దాలు. ఆవణి ఎండలో ఉన్నికోటు వేసుకున్నవాడికి ఎంత చెమట పడుతుందో చెప్పనక్కర్లేదు. బండి ఇంకా కదలకముందే అద్దాలకు లోపల ఆవిరి పట్టింది.

డబ్బాతో పెట్రోలు పోసుకుని బయల్దేరారు. వెంకటాద్రి ముందు, నాగప్ప వెనక, నాగప్ప వెనక సీటు మీద గోపాలకృష్ణన్. ముందు తనే ఉండాలని వెంకటాద్రి పట్టుబట్టాడు. ఆనైకట్టు దాటారు. ఒడుగత్తూరు దాటాక ఎడమ పక్కన జవ్వాది కొండలు దగ్గరికి జరిగాయి. అక్కడి నుంచి రోడ్డు ప్రతి వాగుకూ ఒక వంపు, ప్రతి గుట్టకూ ఒక వంపు తిరుగుతూ పోయింది. చింతచెట్ల నీడలో దుమ్ము చల్లగా ఉంది. వంపు వచ్చినప్పుడు ఒంటిని కొంచెం వాలిస్తే బండి తనంతట తానే వాలి తిరిగేది.

ఒప్పుకోవాలి, వెంకటాద్రికి ఆ రోజు సంతోషంగా ఉంది. ఒక వంపు తిరిగితే ఇంకో వంపు, దాని వెనక ఇంకోటి, ముఖానికి గాలి. నలభై ఒక్క రోజుల్లో మొదటిసారి గుండె తేలికయింది. కాళ్ల మధ్య ఇంజను టకటకమంటూ ఒకే వరసలో కొట్టుకుంటోంది. ఆ వరస అతనికి బాగా తెలిసిన వరస. ఎక్కడ విన్నాడో మనసు చెప్పలేదు. ఒళ్లు మాత్రం గుర్తుపట్టింది. పాదాలు తెలియకుండానే ఎడమ ఒకసారి, కుడి ఒకసారి మెల్లగా ఒత్తుతున్నాయి. తల అదే ఊపులో ఊగుతోంది. మనిషి నిద్రలో లేడు, పూర్తిగా మెలకువలోనూ లేడు. మధ్యాహ్నపు మగ్గం మీద ఉండే స్థితిలో ఉన్నాడు.

ఆలంగాయం ఇంకో నాలుగు మైళ్లుందనగా, రోడ్డు కుడికి గట్టిగా తిరిగే చోట ఇంజను ఒక్క దెబ్బ తప్పింది.

మగ్గం మీద దెబ్బ తప్పితే నేతగాడికి దానర్థం ఒక్కటే. ఎక్కడో పోగు తెగింది. అప్పుడు కాళ్లు ఆగుతాయి, రెండు చేతులూ చేస్తున్న పని వదిలి ముందుకు పోతాయి, ఎడమచేయి తెగిన కొస వెతుకుతుంది, కుడిచేయి అతుకు వేయడానికి సిద్ధమవుతుంది. ఇందులో ఆలోచనకు చోటు లేదు. ఇరవై ఏళ్లుగా రోజుకు ఎన్నోసార్లు వెంకటాద్రి చేతులు చేసిన పని అది. ఇప్పుడూ అదే చేశాయి. రెండూ హ్యాండిలు వదిలేసి, పెట్రోలు ట్యాంకు పైన గాల్లోకి పోయి, లేని పోగును ఎంతో శ్రద్ధగా వెతికాయి.

ఆ పాత బండికి చేయి తీస్తే వేగం తగ్గే గుణం లేదు. మీట ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. రోడ్డు కుడికి తిరిగింది. వెంకటాద్రి తిరగలేదు. గట్టెక్కి, కంప విరిచి, బండీ తనూ విడివిడిగా ఎగిరి అప్పుడే దమ్ము చేసి నాటిన వరిమడిలో పడ్డారు.

మడిలో నాట్లేస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి చూశారు. "అయ్యయ్యో, దొర పడిపోయినాడమ్మే!" అంది ఒకామె. ఇంకో పెద్దామె దగ్గరికి వచ్చి బురదలోంచి లేస్తున్న ముఖాన్ని పరకాయించి చూసి, "దొర కాదులే, మనోడే" అని తేల్చి, "రెండు దినాలుగా నాటిందంతా తొక్కేసినాడే పాపిష్టోడు" అని తిట్టింది. అంతసేపు దొరగా ఉన్నందుకు వెంకటాద్రికి లోలోపల కొంచెం గర్వంగానే ఉందట. అది కూడా అతనే చెప్పేవాడు.

నాగప్ప, గోపాలకృష్ణన్ పరిగెత్తుకొచ్చి లేవనెత్తారు. మోకాళ్లు రెండూ చెక్కుకుపోయాయి, నుదురు చిట్లింది, ఎముకలు మాత్రం మిగిలాయి. బండి ముందు చక్రం అప్పడంలా వంగింది.

"ఏమయిందప్పా?" అన్నాడు నాగప్ప.

"చిరుత అడ్డమొచ్చె" అన్నాడు వెంకటాద్రి.

"ఈ పట్టపగలా?"

"పిల్ల చిరుత."

గాయానికి గుడ్డ కట్టేసరికి అది అడవిపిల్లి అయింది. పొలం ఆసామి ఎద్దులబండి తెచ్చి మోటారు సైకిలును దాని మీద ఎక్కించేసరికి కుందేలు అయింది. బండి కదిలాక, దారిలో ఎవరో అడిగితే మళ్లీ చిరుత అయింది. ఈసారి పెద్దది.

ఆ విధంగా వెంకటాద్రి అత్తగారి వీధిలోకి ఎద్దులబండి మీద, చచ్చిన గొడ్డులాంటి మోటారు సైకిలు పక్కన, ఒళ్లంతా బురదతో ఊరేగుతూ వచ్చాడు. వీధి వీధంతా బయటికి వచ్చింది, అంతవరకు ఉపాయం పారింది. బండి కుదుపుకు బూరా తనంతట తానే ఒకసారి కీచుమంది.

రాజాంబాళ్ తల్లి మునియమ్మ గుండె బాదుకుంటూ ఎదురొచ్చింది. "అయ్యో నాయనా, ఎవురు కొట్టినారు నిన్ను?" అంటూ అల్లుణ్ణి దింపించి తిన్నె మీద కూర్చోబెట్టి, వేపనూనె తేవడానికి లోపలికి పోయింది. తిన్నె రెండో కొసన రాజాంబాళ్ రాట్నం ముందు ఉంది. మొగుడు వచ్చాడని లేవలేదు. దెబ్బలు చూసి ముఖం ఒక్కసారి పాలిపోయింది. బతికే ఉన్నాడని తేలాక మళ్లీ గట్టిపడింది. వెంకటాద్రికి రెండూ కనిపించాయి. "ఈ పక్కగా పోతా ఉంటిమి" అన్న మాట గొంతులోకి వచ్చి అక్కడే చచ్చిపోయింది.

ఆమె అతనితో మాట్లాడలేదు. గోపాలకృష్ణన్ వైపు తిరిగి, "ఎట్లా పడినాడన్నా?" అని అడిగింది.

"చిరుత వచ్చిందంటాడమ్మా" అన్నాడు గోపాలకృష్ణన్ నేల చూస్తూ.

"మీరు చూస్తిరా?"

"మేము వెనకాలే వస్తా ఉంటిమి. చిరుతనైతే చూడలేదు."

"చేతులు యాడుండినాయి?"

ఆ ప్రశ్న మిత్రులకు వింతగా తోచింది. నాగప్ప కొంచెం ఆలోచించి చెప్పాడు. "అదే మాకూ అర్థం కాలేదమ్మా. రెండు చేతులూ ముందరికి చాపి గాల్లో పెట్టినాడు. కొండకు దండం పెడతాండాడేమో అనుకొంటిమి."

రాజాంబాళ్ రాట్నం ఆపింది. "దానికి ముందర ఇంజను దెబ్బ తప్పిందా?"

"తప్పింది. ఒక్క దెబ్బ. నీకెట్లా తెలుసు?"

ఆమె తల తిప్పి నలభై ఒక్క రోజుల తర్వాత మొదటిసారి మొగుడి ముఖంలోకి చూసింది. "పోగు తెగిందనుకొన్నావా?"

వెంకటాద్రికి తల కొట్టేసినట్టయింది. ఔనంటే ముప్పై మగ్గాలూ ఒక్క దెబ్బకు కూలిపోతాయి. ముప్పై మగ్గాల యజమాని చేతులు తెగిన పోగు కోసం పోవు. అవి ఒక్క మగ్గం వాడి చేతులు. మిత్రుల వైపు చూశాడు. పెళ్లాం వైపు చూశాడు. మళ్లీ చిరుతను పిలుద్దామా అనుకున్నాడు. ఆమె ముందు అది రానంది.

"ఊఁ" అన్నాడు. "ఇరవై ఏండ్లుగా నేస్తాండా. దెబ్బ తప్పితే చెయ్యి దానంతటదే పోతాది." తర్వాత మిత్రులతో, "నాకుండేది ఒకే మగ్గమప్పా. ఆ మూటలు షావుకారువి" అన్నాడు.

పిడుగు పడుతుందని భుజాలు బిగించుకుని కూర్చున్నాడు. పిడుగు పడలేదు. గోపాలకృష్ణన్ తలపాగా తీసి మెడ తుడుచుకున్నాడు.

"మూట మీద పేరు చదివేదే గదప్పా నా ఉద్యోగం" అన్నాడు. "మొదటి శనివారమే చదివినా. అరుణాచలం అని రాసుంటే వెంకటాద్రి అని ఎట్లా చదివేది?"

"నువ్వు కాఫీ హోటల్లో బెంచీ మీద కూచుంటే కింద నీ కాళ్లు మగ్గం తొక్కతానే ఉంటాయి" అన్నాడు నాగప్ప. "మేమెన్నడూ ఏమనలేదు. చెప్పుకొనేటప్పుడు నీ మొకం అంత సంతోషంగా ఉంటే, ఎందుకు చెడగొట్టేదని."

గోపాలకృష్ణన్ గొంతు తగ్గించాడు. "ఈ చెల్లెలు నీ పెండ్లామని గూడా ఆ పొద్దే తెలుసు, ఆలంగాయానికి పోయిందని తర్వాత మీ వీధిలో వింటిమి. అడక్కుండా ఇంట్లోకి పోయి నీళ్లు తెచ్చి పెట్టే కూలిమనిషి యాడుండాది? ఆ నీళ్లు మాకు గొంతు దిగలేదప్పా."

ఏడాది పాటు కష్టపడి కట్టిన అబద్ధంలో ఇద్దరు మనుషులు ఊరికే మర్యాద కోసం కూర్చుని ఉన్నారు. నమ్మినవాడు తానొక్కడే. నవ్వు రావలసిన చోటే. కానీ వెంకటాద్రికి కళ్లలో నీళ్లు తిరిగాయి. బురద చేత్తో తుడుచుకోబోతే ఇంకా ముఖమంతా పూసుకుపోయింది.

రాజాంబాళ్ మాత్రం అతన్ని వదల్లేదు.

"చెయ్యి దానంతటదే పోయినాదంటివే" అంది మెల్లగా. "ఆ పొద్దు నోరు గూడా దానంతటదే పోయినాదా?"

వెంకటాద్రి కథ చెప్పేటప్పుడు ఆగి గొంతు సవరించుకునే చోటు ఇదే. ఔనంటే సరిపోయేది. తలుపు తెరిచి పెట్టినట్టే అడిగింది ఆమె. నాగప్ప "ఔనను" అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు. నూనెగిన్నెతో వచ్చిన మునియమ్మ కూడా గుమ్మంలో ఆగిపోయింది. ఇన్ని అబద్ధాలు ఆడినవాడికి ఇంకొక్కటి బరువు కాదు. పైగా ఈ అబద్ధం అందరికీ మంచిది.

"లేదు" అన్నాడు. "ఆ మాట ముందే అనుకొని పెట్టుకొన్నా. ఎవురన్నా నిన్ను చూసి అడిగితే అట్ల చెప్పాలని. శానా దినాల ముందరే."

 మునియమ్మ నూనెగిన్నె తిన్నె మీద పెట్టి, కూతురి ముఖం చూసి, ఏమీ అనకుండా వంటింట్లోకి పోయింది. రాజాంబాళ్ చేతిలోని కండె కాసేపు అటూ ఇటూ తిప్పింది.

"నాకు తెలుసు" అంది. "అంత బిరీన వచ్చిన మాట అప్పుడు పుట్టింది కాదు. కూలిమనిషి అన్నావని కాదు నేను వచ్చింది. మా అమ్మ కూలికి నూలు చుట్టే నన్ను సాకింది. నన్ను చూసి నీకు సిగ్గయినాదే, దానికి వచ్చినా." కండె పక్కన పెట్టి, "ఇంగా ఉండాదా ఆ సిగ్గు?" అని అడిగింది.

"ఉండాది" అన్నాడు వెంకటాద్రి. "ఇప్పుడు నన్ను చూసి."

ఆమె లేచి లోపలికి పోయింది. ఇది మంచికో చెడుకో అతనికి అర్థం కాలేదు. మిత్రులకూ కాలేదు. నాగప్ప మోటారు సైకిలు దగ్గరికి పోయి, ఏమీ చేయలేని చక్రాన్ని చాలాసేపు పరీక్షగా చూశాడు. గోపాలకృష్ణన్ వేపనూనె తీసి మోకాళ్లకు రాశాడు. అది భగ్గుమని మండింది. అరవడానికి తనకు హక్కు లేదనుకుని వెంకటాద్రి పళ్లు బిగించాడు.

మధ్యాహ్నం అన్నం పెట్టింది. ముగ్గురికీ పెట్టింది, ఎవరి వైపూ చూడకుండా పెట్టింది. అతని ఆకులో చారు పోసేటప్పుడు చేయి ఆగలేదు, తొందరపడలేదు. వెంకటాద్రి తలెత్తకుండా తిన్నాడు. నలభై ఒక్క రోజుల తర్వాత ముద్ద గొంతు దిగింది.

చేతులు కడుక్కుని వచ్చేసరికి తిన్నె మీద మూట ఉంది. "పట్టుకో" అంది రాజాంబాళ్. "ఆ బండి మాత్రం నేనెక్కను. ఈ పొద్దే కాదు, ఎప్పుడూ ఎక్కను."

"నేను గూడా ఎక్కను" అన్నాడు వెంకటాద్రి.

"ఎక్కు. నాకేం? చేతులు మాత్రం హ్యాండిలు మీద పెట్టుకో."

నాగప్ప ఫక్కున నవ్వాడు. విరిగిన బండిని ఆలంగాయం కమ్మరి దగ్గర వదిలేసి మిత్రులిద్దరూ వేలూరు దారి పట్టారు. మొగుడూ పెళ్లాం జట్కాలో వాణియంబాడి పోయి రైలు కోసం కూర్చున్నారు. కూర్చున్నది రాజాంబాళ్. బెంచీ నిండా జనం. వెంకటాద్రి బురద ఎండిన కోటుతో, తలకు కట్టుతో, నెత్తి మీద మూటతో ఆమె పక్కన నిలబడ్డాడు.

ఆ ప్లాట్‌ఫారం మీద ఆంబూరు పోయే ఒక పెద్దావిడ అతన్ని కింద నుంచి పైదాకా చూసింది. తర్వాత రాజాంబాళ్ వైపు వంగింది.

"పాపం, ఎవురమ్మా ఈయన?"

వెంకటాద్రికి మోకాళ్లు, నుదురు, అన్నీ ఒక్కసారే మండాయి. రాజాంబాళ్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మా మగ్గంలో కూలికి నేస్తాడక్కా" అంది.

పెద్దావిడ అతని వైపు చూసింది. రాజాంబాళ్ ఎదురుగా పట్టాల వైపు చూస్తూ ఉంది. వెంకటాద్రి నెత్తి మీది మూట సర్దుకున్నాడు.

"అవునమ్మా" అన్నాడు. "నాలుగేండ్లుగా ఈయమ్మ దగ్గరే పని."

"బాగా చేస్తాడా?" అని అడిగింది పెద్దావిడ.

రాజాంబాళ్ పెదాలు కొంచెం వణికాయి. నవ్వో ఏడుపో అతనికి తెలియలేదు, అడిగే ధైర్యమూ లేదు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, బెంచీ మీద ఓ పక్కకు ఒదిగి, "దా, కూచో" అని చోటిచ్చింది.